సెల్ఫ్ "టక్" మని ఆగిపోయే ఫోర్క్‌లిఫ్ట్: పంపు విప్పేముందు మీటరు పెట్టండి

మీరు అడిగింది ఇదీ: మూడు టన్నుల డీజిల్ ఫోర్క్‌లిఫ్ట్, 12 వోల్టుల బ్యాటరీ, టార్క్ కన్వర్టర్ బండి (క్లచ్ లేనిది), పేపర్ రీళ్ల గోడౌన్లో పని. తాళం తిప్పితే ఒక్కసారి "టక్" మంటుంది, ఇంజన్ తిరగదు. నాలుగైదుసార్లు తిప్పాక ఎప్పుడో అందుకుంటుంది. అందుకున్నాక ఏ ఇబ్బందీ లేదు, కానీ భోజనాలయ్యాక తీయబోతే మళ్లీ అదే గోల. బ్యాటరీ కొత్తది వేశారు, సెల్ఫ్ (ఇంజన్‌ని తిప్పే మోటరు) విప్పించి దాని లోపలి కార్బన్లు మార్పించారు. ఇప్పుడు మెకానిక్ "డీజిల్ పంపు సర్వీసు చేయాలి" అంటున్నాడు. చేయించాలా?

వద్దండి. ఇంజన్ తిరగనే తిరగనప్పుడు దానికీ డీజిల్ పంపుకీ సంబంధం లేదు. పంపు, నాజిళ్లు, ఫిల్టరు, ఇవన్నీ ఇంజన్ తిరగడం మొదలుపెట్టాక లెక్కలోకి వచ్చే సామాను. మీ బండి తిరిగిన ప్రతిసారీ వెంటనే అందుకుంటోందంటే పంపు తన పని తాను చేస్తున్నట్టే. మీరు రాసినదాన్ని బట్టి నా అనుమానం మొదట ఇంజన్‌కీ చాసిస్‌కీ మధ్యనుండే, కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారైన ఎర్త్ పట్టీ మీద. తర్వాత సెల్ఫ్ మీదుండి, తాళం తిప్పగానే దానికి కరెంటు కలిపే సోలనాయిడ్‌లోని రాగి కాంటాక్టుల మీద. ఆ తర్వాత తాళం దగ్గర్నుంచి సోలనాయిడ్‌కి వచ్చే సన్న వైరు మీద. ఈ మూడింటిలో ఏదో తేల్చడానికి ఒక మామూలు డిజిటల్ మీటరు, తాళం తిప్పడానికి ఒక మనిషి, అరగంట తీరిక చాలు.

ముందు జాగ్రత్త సంగతి. ఫోర్కులు నేలకి దించండి. హ్యాండ్ బ్రేక్ వేసి, ముందుకు-వెనక్కి లివర్ న్యూట్రల్లో పెట్టండి. చక్రాలకి రెండువైపులా చెక్కలు అడ్డం పెట్టండి. తాళం తిప్పే మనిషి సీట్లో కూర్చుని తిప్పాలి, కింద నిలబడి చెయ్యి చాపి కాదు. చాలామంది చేసే పని ఇంకొకటుంది: స్క్రూడ్రైవరు తీసుకుని సెల్ఫ్ బోల్టులకి అడ్డంగా పెట్టి నిప్పురవ్వలు లేపడం. అలా చేస్తే, లివర్ గేర్లో ఉంటే స్టార్ట్ కానివ్వని న్యూట్రల్ స్విచ్చుని దాటేసినట్టే. లివర్ గేర్లో ఉండి ఇంజన్ అందుకుందంటే బండి అక్కడున్న మనిషి మీదకే కదులుతుంది. మూడు టన్నులు ఎత్తే బండి బరువు సుమారు నాలుగు, నాలుగున్నర టన్నులుంటుంది. దాన్ని చేత్తో ఆపేవాడెవడూ లేడు.

ఇక పనిలోకి. మీటరుని 20 వోల్టుల డీసీ మీద పెట్టి, రెండు పిన్నులూ బ్యాటరీ సీసపు పోస్టుల మీదే ఆనించండి. క్లాంపు మీద కాదు. ఏమీ ఆన్ చేయకుండా 12.6 దగ్గర చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగానికి పడింది. 12 కన్నా తక్కువైతే ముందు ఛార్జింగు పెట్టి, ఆ తర్వాత మిగతా పరీక్షలు చేయండి. కొత్త బ్యాటరీ కదా అని ధీమా వద్దు. కొట్లో నెలల తరబడి పడి ఉన్నది తెచ్చి నేరుగా బిగించేవాళ్లు ఎందరో ఉన్నారు.

ఇప్పుడు పిన్నులు అక్కడే ఉంచి తాళం తిప్పమనండి. "టక్" మన్న ఆ క్షణంలో అంకె ఎక్కడికి పోయిందన్నదే అసలు ప్రశ్న.

అంకె 12 దాటి అలాగే నిలబడిందా? అంటే బ్యాటరీ నుంచి కరెంటు బయటికే పోలేదు. దారి ఎక్కడో తెగింది. వైరు, ఎర్త్, సోలనాయిడ్ కాంటాక్టు, కార్బను, వీటిలో ఒకటి. అంకె ఆరుకో ఏడుకో జారి "టక టక టక" అని వరసగా కొట్టుకుందా? బ్యాటరీలో సత్తా లేదు. కరెంటు గట్టిగా లాగుతూ అంకె పడిపోయి, బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిందా? అప్పుడు సెల్ఫో ఇంజనో ఎక్కడో బిగుసుకుంది. మీరు ఒక్క "టక్" అనే రాశారు, లైట్లు మందగించడం గురించి ఏమీ రాయలేదు. అందుకే మొదటి రకం అనుకుంటున్నాను. ఆ సమయంలో హెడ్‌లైటు వేసి చూసినా ఇదే తెలుస్తుంది. లైటు ఏమాత్రం తగ్గకుండా "టక్" అంటే కరెంటు కదల్లేదన్నమాట.

కరెంటు ఎక్కడ ఆగిందో పట్టుకోవాలి. ఒక పిన్ను బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండోది ఇంజన్ బ్లాకు మీద పెయింటు లేని చోట. మసి, గ్రీజు ఉంటే గీకి పెట్టండి. తాళం తిప్పమనండి. 0.3 వోల్టు లోపు చూపిస్తే ఎర్త్ బాగుంది. ఒకటి, రెండు వోల్టులు చూపించిందా, దొంగ దొరికినట్టే. తర్వాత ఒక పిన్ను బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద, రెండోది సెల్ఫ్ మీద లావు కేబులు బిగించిన బోల్టు మీద. అక్కడ అర వోల్టు దాకా సరిపెట్టుకోవచ్చు, అంతకన్నా పైన పనికిరాదు.

ఇంత చిన్న అంకెల కోసం ఎందుకంత పట్టుదల అంటారేమో. ఇంత సైజు డీజిల్ ఇంజన్ తిప్పేటప్పుడు 12 వోల్టుల సెల్ఫ్ 200 నుంచి 400 ఆంపియర్ల దాకా లాగుతుంది. 300 అనుకోండి. ఆ దారిలో ఎక్కడైనా 0.01 ఓము అడ్డం ఉంటే చాలు, 3 వోల్టులు అక్కడే కరిగిపోతాయి. 0.01 ఓముని మామూలు మీటరు ఓముల మీద పెట్టి కొలవలేం. బీప్ పెట్టి చూస్తే చక్కగా బీప్ మంటుంది. "వైరు బాగానే ఉంది సార్, బీప్ వస్తోంది" అని మెకానిక్ అన్నాడంటే ఆయన అబద్ధమాడటం లేదు. అయితే ఒక్క పోగు మిగిలిన కేబులుకి కూడా బీప్ వస్తుంది. లోడు మీద, అంటే తాళం తిప్పుతున్నప్పుడు, వోల్టేజి చూస్తేనే ఆ కేబులు సంగతి బయటపడుతుంది.

ఎర్త్ మీద నాకు ఇంత అనుమానం ఎందుకంటే, ఫోర్క్‌లిఫ్ట్‌లో ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. రబ్బరు కరెంటుని పోనివ్వదు. చాలా బండ్లలో బ్యాటరీ నెగటివ్ చాసిస్‌కి బిగించి, అక్కణ్నుంచి ఇంజన్‌కో గేర్‌బాక్సుకో ఒక జడ పట్టీ వేస్తారు. ఆ పట్టీ అడుగున ఉంటుంది. నూనె, దుమ్ము, నీళ్లు అన్నీ దాని మీదే. మీది పేపరు గోడౌన్ కాబట్టి కాగితం పీచు కూడా నూనెతో కలిసి ముద్దకట్టి ఉంటుంది. పైనుంచి చూస్తే పట్టీ ఉన్నట్టే కనిపిస్తుంది. చేత్తో పట్టుకుని లాగితే లగ్గులోంచి (చివర బోల్టుకి బిగించే రేకు) సగం పోగులు ఊడి వస్తాయి.

ఒక రైసు మిల్లులో బండికి రెండుసార్లు సెల్ఫ్ మార్చారు, ఒకసారి బ్యాటరీ మార్చారు. తర్వాత నన్ను పిలిచారు. చూస్తే ఎర్త్ పట్టీ కొత్తది, మెరుస్తోంది. కానీ అంతకుముందు బండికి రంగు వేయించినప్పుడు చాసిస్ మీద బోల్టు చోటు కూడా కలిపి దిట్టంగా రంగు కొట్టేశారు. పట్టీని ఆ రంగు మీదే బిగించారు. బోల్టు మరల దగ్గర మాత్రం కాస్త ఇనుము తగిలి ఎప్పుడో పట్టుకునేది, లేకపోతే లేదు. ఇసక కాగితంతో రూపాయి బిళ్లంత మేర రంగు గీకి, స్టార్ వాషరు వేసి బిగిస్తే సరిపోయింది. ఆ మిల్లు యజమాని నా మజూరీ చూసి "ఇంతేనా పని?" అని బేరమాడారు. సెల్ఫులకి పెట్టిన డబ్బు గురించి మాత్రం ఎత్తలేదు.

ఎర్త్ పోయిందనడానికి మీటరు లేకుండా ఇంకో గుర్తుంది. ఇంజన్‌కి సరైన ఎర్త్ లేకపోతే కరెంటు దొరికిన దారి పడుతుంది. యాక్సిలరేటర్ కేబులు, స్టాప్ కేబులు, ఒక్కోసారి హ్యాండ్ బ్రేక్ కేబులు, ఇనుప తీగ ఏది ఇంజన్‌నీ బాడీనీ కలుపుతుంటే దాంట్లోంచి పోతుంది. నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టాక ఆ కేబులు వెచ్చగా తగిలితే, లేదా పైన ప్లాస్టిక్ తొడుగు కరిగి ఉంటే, ఇక ఆలోచించక్కర్లేదు. మార్చిన యాక్సిలరేటర్ కేబులు మళ్లీ మళ్లీ బిగుసుకుపోతున్న బండ్లలో కారణం ఇదే అయిన సందర్భాలు చూశాను.

ఇంకో సులువైన పరీక్ష: మంచి జంపర్ కేబులు ఒకటి తీసుకుని ఒక చివర బ్యాటరీ నెగటివ్ పోస్టుకి, రెండో చివర నేరుగా ఇంజన్ మీద గట్టి ఇనుముకి తగిలించి తాళం తిప్పండి. వెంటనే జోరుగా తిరిగితే పాత ఎర్త్ దారి చెడిపోయినట్టే.

పట్టీ మార్చేటప్పుడు సన్న వైరు వేయకండి. ఈ సైజు బండికి 50 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు ఉండాలి, వెల్డింగు కేబులు బాగా పనికొస్తుంది. అయితే కొనేముందు చివర కోసి చూడండి. పైకి రాగి రంగు, లోపల అల్యూమినియం ఉన్నవి చవగ్గా అమ్ముతున్నారు. లగ్గుని సుత్తితో కొట్టి నొక్కితే ఆర్నెల్లలో మళ్లీ వదులవుతుంది. క్రింపింగు మిషను ఉన్న బ్యాటరీ షాపులో ఒత్తించండి.

ఎర్త్ బాగుండి, పాజిటివ్ కేబులూ బాగుంటే సోలనాయిడ్ వైపు రండి. సెల్ఫ్ మీద రెండు లావు బోల్టులుంటాయి. ఒకదానికి బ్యాటరీ కేబులు వస్తుంది, రెండోదాన్నుంచి మోటరు లోపలికి పట్టీ పోతుంది. రెండింటి మీదా పిన్నులు పెట్టండి. తాళం తిప్పకముందు 12 చూపిస్తుంది. "టక్" మన్నప్పుడు అది దాదాపు సున్నాకి పడిపోవాలి. "టక్" మన్నాక కూడా 12 దగ్గరే ఉంటే లోపలి రాగి బిళ్ల ముందుకొచ్చింది కానీ కాంటాక్టుని సరిగా తాకలేదు. అరిగిందో, కాలి నల్లబడిందో. మీ బండి నాలుగైదుసార్లకి అందుకోవడానికి ఇది కూడా బాగా సరిపోతుంది. ఆ బిళ్ల కాస్త తిరిగి, కాలని చోటు ఎదురైనప్పుడు పట్టుకుంటుంది.

మీరు సెల్ఫ్ రిపేరు చేయించాం అన్నారు కదా, బిల్లు మీద ఏం రాశారో చూడండి. కార్బన్లు, బుష్‌లు మార్చి, ఆర్మేచర్ తుడిచి ఇచ్చేయడం మామూలు. సోలనాయిడ్ సీలు చేసినట్టుంటుంది కాబట్టి దాన్ని చాలా చోట్ల విప్పరు. విప్పినా కాంటాక్టుల్ని ఆకురాయితో గీకి పెట్టేస్తారు. గీకితే కొన్నాళ్లు పనిచేస్తుంది, కానీ రాగి మందం తగ్గి బిళ్ల ఇంకా దూరమవుతుంది. మార్చడమే మంచిది.

మూడోది సన్న వైరు. సోలనాయిడ్ మీద చిన్న టెర్మినల్ ఉంటుంది, దాని మీద 50 అనో ఎస్ అనో రాసి ఉంటుంది. తాళం తిప్పినప్పుడు అక్కడ బ్యాటరీ వోల్టేజికి దగ్గరగా రావాలి. తొమ్మిది కన్నా తక్కువ వస్తే సోలనాయిడ్ నీరసంగా లాగి, సగంలో ఆగి "టక్" మంటుంది. ఈ చిన్న వైరు తాళం, న్యూట్రల్ స్విచ్చు, రిలే, రెండు మూడు కప్లర్లు దాటుకుని వస్తుంది. ప్రతి చోటా కాస్త కాస్త పోతుంది. ఇంజన్ వేడి తగిలి సోలనాయిడ్ కాయిలు వేడెక్కితే దాని లాగుడు మరింత తగ్గుతుంది. భోజనం తర్వాత మీ బండి మొరాయిస్తోందన్నారు కదా, అందుకే దీన్ని కూడా లెక్కలో పెట్టాను.

న్యూట్రల్ స్విచ్చు గురించి ఒక మాట. తాళం తిప్పి పట్టుకుని, లివర్ని ఇటూ అటూ కాస్త ఆడిస్తే అందుకునే బండ్లుంటాయి. ఆపరేటర్లకి ఆ కిటుకు బాగా తెలుసు, చెప్పరు. మీ ఆపరేటర్ని పక్కకి పిలిచి "నువ్వెలా స్టార్ట్ చేస్తావు?" అని మెల్లగా అడగండి. సగం రోగం అక్కడే బయటపడుతుంది. కొన్ని మోడళ్లలో సీటు కింద స్విచ్చు, హ్యాండ్ బ్రేక్ స్విచ్చు కూడా స్టార్టింగుకి ముడిపడి ఉంటాయి. కానీ వీటిలో ఏది పూర్తిగా పోయినా సాధారణంగా "టక్" కూడా రాదు, నిశ్శబ్దం. గోడౌన్ కాబట్టి ఎలుకలు వైరు కొరికే సంగతి కూడా మరిచిపోకండి. పేపరు రీళ్ల మధ్య గూడు, బండి బానెట్ కింద భోజనం.

స్విచ్చు దొరకలేదని రెండు వైర్లూ కలిపి ముడేసే పని మాత్రం చేయనివ్వకండి. అది గేర్లో ఉన్న బండి స్టార్ట్ కాకుండా ఆపే స్విచ్చు.

ఇవన్నీ సరిగ్గా ఉండి, కరెంటు గట్టిగా లాగుతూ కూడా తిరగకపోతే ఇంకో సంగతి ఉంది. సెల్ఫ్ కొట్టడం వెంటనే ఆపేయండి. బ్యాటరీ నెగటివ్ తీసేసి, క్రాంకు పుల్లీ బోల్టుకి సాకెట్టు వేసి చేత్తో ఇంజన్‌ని అది తిరిగే దిశలోనే తిప్పండి. బరువుగా, లయగా తిరిగితే ఇంజన్ బాగుంది, సెల్ఫ్ లోపల బిగిసింది. ఒకచోటకొచ్చి రాయిలా ఆగితే సిలిండర్లోకి నీళ్లో కూలెంటో డీజిలో దిగి ఉండొచ్చు. ద్రవం నలగదు. దాని మీద సెల్ఫ్ బలం పెడితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బండిని ప్రెషరు నీళ్లతో కడిగిన మర్నాడు ఇలా జరిగిందంటే ముందు ఎయిర్ క్లీనరు విప్పి చూడండి. నాజిళ్లు తీసి తిప్పితే ఆ నీళ్లు బయటికి చిమ్ముతాయి.

హైడ్రాలిక్ పంపు కూడా ఇంజన్‌తోపాటే తిరుగుతుందని గుర్తుంచుకోండి. మాస్టు లివర్ ఏదైనా లాగిన చోటే ఇరుక్కుని ఉంటే సెల్ఫ్ ఆ బరువుని కూడా మోయాలి. తిరుగుడు నెమ్మదిగా ఉందంటే లివర్లన్నీ మధ్యకొచ్చాయా చూడండి.

ఇక మీది కాకపోయినా, ఇది చదివేవాళ్లలో చాలామందికి రెండో రకం సమస్య ఉంటుంది: జోరుగా తిరుగుతుంది కానీ అందుకోదు. అప్పుడు మాత్రం డీజిల్ వైపు చూడాలి. దానికి మీటరు అక్కర్లేదు, సైలెన్సరు చూడండి. ఎంత తిప్పినా పొగే రాకపోతే సిలిండర్లోకి డీజిల్ చేరడం లేదు. తెల్ల పొగ వస్తూ అందుకోకపోతే డీజిల్ చేరుతోంది, అంటుకోవడం లేదు. తిరిగే వేగం చాలకో, సిలిండర్ని ముందుగా వేడిచేసే హీటర్ ప్లగ్గులు పోయో, కంప్రెషన్ తగ్గో.

పొగ రాకపోతే మొదట స్టాపు. తీగ లాగి ఆపే బండైతే ఆ నాబ్ మళ్లీ లోపలికి పూర్తిగా వెళ్లిందా చూడండి. ఇది నవ్వులాటకి అనడం లేదు, మెకానిక్ వచ్చి నాబ్ లోపలికి తోసి ఛార్జీ తీసుకెళ్లిన గోడౌన్లు నాకు తెలుసు. తాళంతో ఆగే బండైతే పంపు మీద స్టాప్ సోలనాయిడ్ ఉంటుంది. తాళం ఆన్ చేయగానే చిన్నగా "క్లిక్" వినబడాలి. వినబడకపోతే దానికి 12 వోల్టులు వస్తున్నాయా చూడండి. వస్తున్నా కదలకపోతే అదే పోయింది.

తర్వాత ఎయిర్. రాత్రంతా ఆగిన బండి పొద్దున్నే చాలాసేపు తిరిగి, ఒకసారి అందుకున్నాక రోజంతా ముద్దుగా నడిస్తే, డీజిల్ రాత్రిపూట పైపులోంచి ట్యాంకులోకి వెనక్కి జారిపోతోందని అర్థం. ఎక్కడో గాలి పీలుస్తోంది. ఇక్కడ తికమక ఏంటంటే, ఆ చోట డీజిల్ కారదు. ట్యాంకు నుంచి ఫీడు పంపు దాకా పైపులో ఉండేది పీల్పుడు, కాబట్టి గాలి లోపలికి పోతుందే తప్ప డీజిల్ బయటికి రాదు. పొడిగా ఉంది కదా అని ఆ జాయింటుని వదిలేస్తారు. ఫీడు పంపుకి ముందు ఒక జానెడు పారదర్శక పైపు తాత్కాలికంగా వేసి, ఇంజన్ నడుస్తుండగా చూడండి. బుడగలు వరసగా వస్తుంటే ట్యాంకు వైపు వెతకాలి. నీళ్లు వేరుచేసే గిన్నె మీది రబ్బరు వాషరు, పాతబడిన రబ్బరు పైపు మడత, ఈ రెండు చోట్లే ఎక్కువగా దొరుకుతుంది.

ఎయిర్ తీసే పద్ధతి మీ మెకానిక్‌కి తెలిసే ఉంటుంది: ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి చేతి పంపు కొడుతూ బుడగలు ఆగేదాకా, తర్వాత పంపు మీది స్క్రూ, అప్పటికీ అందకపోతే నాజిల్ పైపు నట్లు కాస్త వదులు చేసి సెల్ఫ్. అయితే కామన్ రైల్ ఇంజన్ (నాజిళ్లన్నిటికీ ఒకే పైపులోంచి గట్టి ఒత్తిడితో డీజిల్ అందే రకం) ఉన్న కొత్త బండి మీద ఆ చివరి పని చేయకూడదు. ఆ పైపులో ఒత్తిడి వెయ్యి బార్ దాటొచ్చు. సన్నటి ధార చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది, పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, లోపల మాత్రం చేతిని తీసేసే పరిస్థితి రావచ్చు. పాత పంపు బండ్లలో కూడా నాజిల్ ధారకి చెయ్యి అడ్డం పెట్టకండి.

పంపు నిజంగా పోయిన బండి ఎలా ఉంటుందో కూడా చెప్తాను, మీ మెకానిక్ మాట ఎప్పుడు నిజమవుతుందో మీకు తెలియాలి కదా. రోటరీ పంపు లోపల హెడ్డు, రోటరు అరిగితే పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అవుతుంది. వేడెక్కాక ఆపి మళ్లీ తీస్తే తిరుగుతూనే ఉంటుంది, అందుకోదు. వేడికి డీజిల్ పలచబడి అరిగిన సందుల్లోంచి జారిపోవడమే కారణం. అప్పుడు తడి గుడ్డ పంపు మీద కప్పి చల్లని నీళ్లు పోసి, కాసేపాగి సెల్ఫ్ కొడితే అందుకుంటుంది. అలా జరిగితే పంపు విప్పించండి, నేనేమీ అడ్డం చెప్పను. మీ బండి వేడి మీద కూడా "టక్" మనే ఆగుతోంది కాబట్టి అది వేరు, ఇది వేరు.

స్టార్ట్ అయి నిమిషంలో ఆగిపోతే ట్యాంకు మూత తీయండి. "స్స్" మని గాలి పీల్చిన చప్పుడు వస్తే మూతకుండే రంధ్రం పూడుకుపోయింది.

హీటర్ ప్లగ్గుల గురించి తెలుగునాట పెద్దగా బెంగ అక్కర్లేదు అనుకుంటారు. నేరుగా పిస్టను మీదకే డీజిల్ చల్లే ఇంజన్‌కి అది చాలావరకు నిజం. పక్క గదిలోకి చల్లే పాత తరహా ఇంజన్‌కి మాత్రం డిసెంబరు పొద్దుల్లో ప్లగ్గులు కావాల్సిందే. ఒక మాట, హీటర్ ఉన్న ఇంజన్లోకి స్టార్టింగ్ స్ప్రే కొట్టకండి. ఎర్రగా కాగిన ప్లగ్గు మీద ఈథరు పడితే ఇన్‌టేక్‌లోనే పేలుతుంది.

బ్యాటరీ పదేపదే దిగిపోయే బండ్ల విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. ఫోర్క్‌లిఫ్ట్‌ని కారుతో పోల్చడానికి లేదు. డీజిల్ ఆదా అని యాజమాన్యం చెబితే ఆపరేటరు ప్రతి లోడుకీ ఆపి, మళ్లీ తీస్తుంటాడు. మధ్యలో నడిచేది కొన్ని నిమిషాలు, అదీ స్లో మీద. డైనమో ఆ లోటు పూడ్చలేదు. పైగా ఈమధ్య అందరూ నీలం లైటు, రివర్సు అలారం, జీపీఎస్ పెట్టేశారు. కొన్నిటికి కరెంటు నేరుగా బ్యాటరీ నుంచే తీస్తారు. అన్నీ ఆపేసి, నెగటివ్ కేబులు తీసి, మధ్యలో మీటరుని ఆంపియర్ల మీద పెట్టి చూడండి. 50 మిల్లీ ఆంపియర్లు దాటి లాగుతుంటే ఒక్కో ఫ్యూజూ తీస్తూ పోతే దొరుకుతుంది. ఏ ఫ్యూజు తీసినా తగ్గకపోతే డైనమో వెనక వైరు విప్పండి, లోపలి డయోడు కారుతూ ఉండొచ్చు. మీటరు ఆంపియర్ల మీద ఉండగా మాత్రం తాళం తిప్పనివ్వకండి, మీటరు కాలిపోతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 దాకా రావాలి.

దిగిపోయిన బ్యాటరీకి లారీ తెచ్చి జంపర్ పెట్టడం మన యార్డుల్లో మామూలు. పెద్ద లారీలు చాలావరకు 24 వోల్టులు. మీ 12 వోల్టుల బండికి అవి తగిలిస్తే స్టాప్ సోలనాయిడ్ నుంచి మీటరు బోర్డు దాకా ఏది కాలుతుందో చెప్పలేం. కారు బ్యాటరీనో ఇంకో 12 వోల్టుల బ్యాటరీనో తెచ్చుకోండి. ఆఖరి నెగటివ్ క్లిప్పుని బ్యాటరీకి కాకుండా దూరంగా ఇంజన్ ఇనుముకి తగిలించండి, బ్యాటరీ మీద చేరిన హైడ్రోజన్‌కి రవ్వ తగలకుండా. టార్క్ కన్వర్టర్ బండి కాబట్టి తోసి స్టార్ట్ చేయడం కుదరదు. ఎవరైనా తాడు కట్టి లాగుదామంటే వినకండి, ఇంజన్ ఆగితే స్టీరింగు కూడా బిగుసుకుంటుంది.

గల్ఫ్‌లో గ్యాసు ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మనవాళ్లు కూడా ఇలాంటి ప్రశ్నే అడుగుతుంటారు. తిరగకపోతే పైన చెప్పిన పరీక్షలన్నీ అక్షరాలా అవే. తిరిగి అందుకోకపోతే సిలిండరు వాల్వు పూర్తిగా తెరిచారా, గ్యాసు లాక్ సోలనాయిడ్ తెరుచుకుంటోందా, ప్లగ్గులో స్పార్కు ఉందా, ఈ వరసలో చూడండి. సిలిండరు వాల్వుని ఒక్కసారిగా తిప్పేస్తే లోపలున్న అధిక ప్రవాహపు వాల్వు మూసుకుని గ్యాసు రాదు. మూసి, కాసేపాగి, మెల్లగా తెరవండి.

మళ్లీ మీ బండి. సెల్ఫ్ ఒక్కోసారి పదిహేను సెకన్లకి మించి పట్టకండి, మధ్యలో రెండు నిమిషాలు చల్లారనివ్వండి. రేపు పొద్దున బండి మొరాయించినప్పుడే మీటరు పెట్టాలి, బాగా స్టార్ట్ అయినప్పుడు కొలిస్తే ఏమీ తెలియదు. నాలుగు అంకెలు రాసి పెట్టండి: "టక్" మన్నప్పుడు బ్యాటరీ పోస్టుల మీద ఎంత, నెగటివ్ పోస్టుకీ ఇంజన్‌కీ మధ్య ఎంత, సోలనాయిడ్ రెండు లావు బోల్టుల మధ్య ఎంత, చిన్న టెర్మినల్ దగ్గర ఎంత. దాంతోపాటు సెల్ఫ్ రిపేరు బిల్లులో సోలనాయిడ్ మార్చినట్టు ఉందో లేదో కూడా రాయండి. అవి చూసి పట్టీ కొనాలో సోలనాయిడ్ కొనాలో చెప్తాను.